క్షేత్ర ప్రయోగ గణాంక విశ్లేషణ: వెబ్ సాఫ్ట్‌వేరా, డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరా?

వ్యవసాయ స్నాతకోత్తర విద్యార్థులలో చాలామంది తమ ప్రయోగ ఫలితాలను నేడు బ్రౌజర్‌లోనే విశ్లేషిస్తున్నారు. హిసార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఓపీస్టాట్, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి గ్రేప్స్ ఇందుకు సుపరిచితమైనవి. ఇన్‌స్టాల్ చేయవలసిన పని లేదు. పరిశోధన స్థానంలోని పాత కంప్యూటర్ అయినా చాలును. బోధనకు, తొలి పరిశీలనకు ఈ సౌలభ్యం తక్కువదేమీ కాదు.

అయితే ఒక రకాన్నో, ఎరువు మోతాదునో రైతులకు సిఫారసు చేయడానికి ఆధారమయ్యే విశ్లేషణను మూడేళ్ల తరువాత మరొకరు తిరిగి చేసి చూడగలగాలి. వెబ్ సాఫ్ట్‌వేర్‌ను నిర్వాహకులు ఎప్పుడు మార్చినా వాడుకరికి తెలియకపోవచ్చు. డెస్క్‌టాప్‌పై ఆర్ వంటి సాఫ్ట్‌వేర్‌ను వాడినప్పుడు దత్తాంశం, ఆదేశాల ఫైలు, వెర్షన్ సంఖ్య మూడూ మన వద్దనే ఉంటాయి. వెర్షన్ సంఖ్య నామమాత్రపు వివరం కాదు. 2019లో వెలువడిన ఆర్ 3.6.0లో యాదృచ్ఛిక ఎంపిక పద్ధతి మారింది. కాబట్టి అదే సీడ్ సంఖ్య ఇచ్చినా, అంతకు ముందరి వెర్షన్‌లో వచ్చిన మళ్ల అమరిక కొత్త వెర్షన్‌లో రాకపోవచ్చు.

డెస్క్‌టాప్‌లోనూ ప్రమాదం లేకపోలేదు. ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు గల ర్యాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో ట్రీట్‌మెంట్ల డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 7, ఎర్రర్‌కు 14 రావాలి. ట్రీట్‌మెంట్లను 1 నుండి 8 వరకు అంకెలతో నమోదు చేసి, అవి వర్గాలని ఆర్‌కు తెలపకపోతే, ట్రీట్‌మెంట్లకు 1 మాత్రమే వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా చేయదు. పట్టిక మాత్రం చూడముచ్చటగా ఉంటుంది!

ఇక్కడ ఒక విషయాన్ని వేరు చేసి చూడాలి. తెర బ్రౌజర్‌లో ఉన్నంత మాత్రాన గణన దూరపు సర్వర్‌లో జరుగుతున్నదని కాదు. షైనీతో నిర్మించిన గ్రేప్స్‌లోని కొన్ని విశ్లేషణలు గ్రేప్స్‌అగ్రి1 అనే ఆర్ ప్యాకేజీగా లభిస్తున్నాయి. దానిని స్వంత కంప్యూటర్‌లో నడిపితే మౌస్‌తో పని చేసే సౌలభ్యమూ దక్కుతుంది, వెర్షన్‌పై అదుపూ మిగులుతుంది. ఇంకా విడుదల కాని రకాల దిగుబడి వివరాలు సంస్థ దాటిపోవు. సిద్ధాంత గ్రంథ స్థాయి పనికి నేను దీనినే మొదట సూచిస్తాను.

వెబ్ సాఫ్ట్‌వేర్ తప్ప గత్యంతరం లేనిచోట, పై ప్రయోగంలోని క్రిటికల్ డిఫరెన్స్‌ను ఒకసారి చేతితో లెక్కించాలి. ఎర్రర్ మీన్ స్క్వేర్‌ను రెండుతో గుణించి, రెప్లికేషన్ల సంఖ్య మూడుతో భాగించి, వర్గమూలం తీసి, 5 శాతం స్థాయిలో 14 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు గల టి విలువ 2.145తో హెచ్చించాలి. తెరపై కనిపించే విలువ దీనితో సరిపోలాలి.