మంచం దిగే సత్తువ



రొమ్ము కాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ పూర్తయి ఇంటికి చేరిన డెబ్బై ఏళ్ల అత్తగారిని కోడలు కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకోవడం ప్రేమతో చేసే పనే అయినా, ఆ వయసులో కాళ్ల సత్తువను హరించేది చాలావరకు ఆ విశ్రాంతే కనుక, ఆ పద్ధతి మారాలి. ఏ జబ్బూ లేని వృద్ధులను 10 రోజులు మంచానికే పరిమితం చేసి చూడగా, వారి కాళ్లలోని కండ దాదాపు ఒక కిలో తగ్గిపోయినట్లు 2007లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన చూపింది; సగం తిండితో, నీరసంతో నెలలు గడిపిన ఒంటి సంగతి చెప్పనక్కరలేదు.

నడక తడబడడానికి నీరసమొక్కటే కారణం కాదు. పాక్లిటాక్సెల్ వంటి కీమో మందులు పాదాల చివర ఉండే స్పర్శ నరాలను దెబ్బతీయగా అరికాలికి నేల ఆనిక తెలియని స్థితిని వైద్యులు న్యూరోపతి అంటారు. వాకిట్లో ఒక చెప్పు జారిపోయినా తెలియక పెద్దావిడ ఒంటి చెప్పుతోనే గేటు దాకా నడిచిందంటే అది మతిమరుపు కాదని, ఆ పాదానికి కబురు అందడం లేదని గ్రహించి, కసురుకోకుండా మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిపెట్టి, బాత్రూం దారిలో రాత్రంతా దీపం ఉంచడం మేలు. కాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే లెట్రోజోల్ మాత్రలు వాడే వారిలో పొద్దున్నే కీళ్లు పట్టేయడం, ఎముకలు పలచబడడం మామూలే గాని, డాక్టరును అడగకుండా వాటిని మానకూడదు. క్రమం తప్పని వ్యాయామంతో ఆ కీళ్ల నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

చంకలోని లింఫు గ్రంథులు తీసిన వైపు చేతిలో నీరు నిలిచి వాచడాన్ని లింఫెడీమా అంటారు. అది వస్తుందన్న భయంతోనే జీవితాంతం బరువెత్తవద్దని చెప్పేవారు గాని, వాపు ఉన్న 141 మంది స్త్రీలపై జరిగి 2009లో వెలువడిన పరిశోధనలో, శిక్షకుల పర్యవేక్షణలో తేలికపాటి బరువులతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచినవారికి వాపు ఎక్కువ కాలేదు, పైగా అది తిరగబెట్టడం తగ్గింది. దండెం మీద చీర ఆరేయడానికి ఆ చేయి పైకి లేవకపోతే అది వయసు వల్ల అనుకుని ఊరుకోక ఫిజియోథెరపిస్టుకు చూపించాలి.

సత్తువను ఇంట్లోనే కొలవవచ్చు: గోడకు ఆనించిన కుర్చీలోంచి, చేతులు గుండెల మీద కట్టుకుని, పక్కన మనిషి ఉండగా, వరుసగా 5 సార్లు లేచి కూర్చోవడానికి 15 సెకన్లు దాటినా, 4 మీటర్ల దూరాన్ని మామూలు నడకతో దాటడానికి 5 సెకన్లు మించినా కాళ్లు బలహీనపడినట్లే. కాన్సర్ బాధితులకు 2019లో అంతర్జాతీయ నిపుణులు సూచించింది వారానికి 3 రోజులు అరగంట చొప్పున ఓ మోస్తరు నడక, 2 రోజులు కండను పెంచే కసరత్తు. ఇంత ఒకేసారి సాధ్యపడదు కనుక 5 నిమిషాలతో మొదలుపెట్టినా ఫరవాలేదు. అయితే వెన్నులో కొత్తగా నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి. జబ్బు ఎముకలకు పాకిన వారు ముందే అడిగి మొదలుపెట్టాలి.

ఉదయం తులసికోటకు నీళ్లు పోయడానికి అత్తగారు లేస్తే ఆమె చేతిలోని చెంబు అందుకోకుండా, కోడలు ఒక అడుగు వెనక నడిస్తే సరిపోతుంది. మొదటి వారం చెంబు సగమే నింపాలి.