ముడి వేయడమూ ఒక చదువే



పొద్దున స్కూల్ బస్సు హారన్ వినిపించగానే ఇంట్లో జరిగే హడావుడి మీకు తెలిసిందే. పిల్లలు లేసులు కట్టుకునేదాకా ఆగే ఓపిక ఉండదు. మనమే వంగి కట్టేస్తాం, లేదంటే లేసుల్లేని బూట్లు కొనేస్తాం. అలా గట్టి ముడి వేయడం రాకుండానే చాలామంది పిల్లలు హైస్కూలుకు వచ్చేస్తున్నారు. మనం ఉంటున్నది మాత్రం ముడినే నమ్ముకుని వేల కుటుంబాలు బతికిన నేలమీద.

మన ఇళ్లలోని ముడులు

ముడితో అందం తేవడం మనకు కొత్త కాదు. పాల కుండను పిల్లికి అందకుండా వేలాడదీసే ఉట్టి, దారం ఒక్కటే ఆధారంగా కట్టే పూలదండ, ఎద్దుల మెడలో రంగుతాళ్ల అల్లిక, అమ్మమ్మలు అల్లిన వైరు బుట్ట, అన్నీ ముడి విద్యలే. ఇప్పుడు షాపుల్లో మాక్రమే పేరుతో అమ్ముతున్న మొక్కల కుండీల వేలాడే అల్లిక మన ఉట్టికి చుట్టమే. దక్షిణ అమెరికాలో ఇంకా ప్రజలు లెక్కలు సైతం తాళ్ల ముడులలోనే దాచుకున్నారు. ఆ ముడుల తాళ్లను కీపు అంటారు.

పోచంపల్లి ముడి

మన ప్రాంతంలో ఈ విద్య శిఖరానికి చేరింది భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వంటి ఊళ్లలో. ఇవి ఉమ్మడి నల్గొండ జిల్లాలోవి, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి. ఇక్కత్ అనే పేరు ఇండోనేషియా ప్రాంతపు భాషల్లో ‘కట్టడం’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మన దగ్గర దీన్ని చిటికి అని కూడా అంటారు.

రాజస్థాన్ బాంధనీలో నేసిన బట్టకు ముడులు వేసి రంగులో ముంచుతారు. ఇక్కత్‌లో బట్ట ఇంకా పుట్టకముందే, నూలుకే ముడులు వేస్తారు. డిజైన్ గీతల ప్రకారం నూలును రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసి వాడడమూ మామూలే. కట్టిన చోట రంగు దిగదు, కట్టని చోట దిగుతుంది. ప్రతి కొత్త రంగుకూ మళ్లీ కట్టాలి, మళ్లీ విప్పాలి. చివరకు మగ్గం మీద దారం పక్కన దారం సరిగ్గా కూర్చుంటేనే చిలుక చిలుకలా కనిపిస్తుంది. రంగు ముడి కిందకు కొంచెం పాకడం వల్లే ఇక్కత్ అంచులు మసకగా ఉంటాయి. అది లోపం కాదు, చేతిపనికి గుర్తు.

పుట్టపాక తేలియా రుమాలుకు పడుగు, పేక రెండింటికీ ముడులు వేస్తారు. ఆముదపు కాయల బూడిద, నూనెతో నూలును సిద్ధం చేస్తారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఒకప్పుడు ఈ రుమాళ్లు అరబ్ దేశాలకూ వెళ్లేవి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని గద్వాల, నారాయణపేట మగ్గాలమీదా పడుగు అయిపోతే కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటిగా పాతవాటికి అతికే వేళ్ల పనితనం ఉంది.

ఆరో తరగతితో ఆగినా

ముడులు కట్టే ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా తిప్పాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. ఎక్కువగా ఈ పని ఇంటి ఆడవాళ్లదే. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన చింతకింది మల్లేశం గారు ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అమ్మ చేతి కదలికను శ్రద్ధగా గమనించడమే ఆయన మొదటి పాఠం. మన పిల్లలు ర్యాంకుతో పాటు ఇలా గమనించడం కూడా నేర్చుకుంటున్నారా అని మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఇది.

ఈ నెల ఇంట్లో చేయండి

పరీక్ష ప్యాడ్ చుట్టూ తెల్లటి నూలు దారాన్ని పక్కపక్కనే నలభై చుట్లు చుట్టించండి. జాగ్రత్తగా తీసి, రెండు మూడు చోట్ల రబ్బరు పట్టీతో బిగించి కట్టమనండి. నీళ్లలో తడిపి, చిక్కటి పసుపు నీళ్లలో అరగంట ఉంచండి. నీళ్లు కాచే పని పెద్దవాళ్లే చూసుకోవాలి. నీడలో ఆరాక ముడులు విప్పి, దారాన్ని మళ్లీ ప్యాడ్‌కు అదే వరుసలో చుట్టమనండి. తెల్ల మచ్చలు ఒక గీతలోకి వస్తే సరే. రాకపోతే తప్పు ఎక్కడ జరిగిందో పిల్లలే కనిపెట్టనివ్వండి, మీరు చెప్పకండి. వదులు ముడి ఏం చేస్తుందో ఒకసారి కళ్లారా చూసిన పిల్లలు రెండోసారి గట్టిగా కడతారు.

జాతీయ విద్యా విధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజులు బ్యాగు లేకుండా స్థానిక వృత్తులవాళ్ల దగ్గర నేర్చుకోమంటోంది. సెలవురోజున పోచంపల్లి వెళితే చీర కొనేముందు ముడులు కట్టేవారి పక్కన పది నిమిషాలు కూర్చోండి. అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు వేసిన నకలుకు వెనకవైపు వెలిసినట్టుంటుంది. ఆ తేడా మీ పాపతోనో బాబుతోనో కనిపెట్టించండి. నేతన్న చెప్పిన ధర ఎందుకంతో అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది. తర్వాత బేరం ఆడాలో వద్దో వాళ్లే మీకు చెబుతారు.

రేపు పొద్దున బస్సు వచ్చేలోగా ఐదు నిమిషాలు ముందే లేపండి. లేసులు వాళ్లనే కట్టుకోనివ్వండి.