మురళీధర్ గారి పేపర్లు, నా కోడ్‌లో బగ్

ఈ సెమ్‌లో మా మినీ ప్రాజెక్ట్ ఏంటంటే, రీసెర్చర్ పేరు ఇస్తే ఆయన పేపర్లన్నీ వెతికి ఒకచోట పెట్టే ప్రోగ్రామ్. టెస్టింగ్‌కి పెట్రోలియం రిఫైనింగ్ ఫీల్డ్ తీసుకున్నా. కారణం చిన్నదే. మాది హాలియా. వరికోతలప్పుడు నాయిన నన్ను క్యాన్ ఇచ్చి బంకుకు పంపేవాడు. అప్పట్లో డీజిల్ గురించి నాకు రేటు తప్ప ఇంకేం తెలియదు.

క్రూడ్ ఆయిల్‌లో సల్ఫర్ ఉంటుంది. తీయకపోతే పొగలో సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. దాని ప్రకారం కిలో డీజిల్‌లో సల్ఫర్ 10 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకుముందు బీఎస్-4లో 50 ఉండేది. తీసే పద్ధతి ఇది: వేడిలో, ఒత్తిడిలో హైడ్రోజన్‌ని కలిపి కెటాలిస్ట్ మీదుగా పంపుతారు. సల్ఫర్ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారి బయటికొస్తుంది. ఆ కెటాలిస్ట్ మాలిబ్డినం సల్ఫైడ్, తోడుగా కొంచెం కోబాల్ట్. రెండింటినీ అల్యూమినా గుళికల మీద పరుస్తారు. ఆ గుళికలే సపోర్ట్.

మరి సపోర్ట్ మారిస్తే? ఒకే విత్తనం నల్లరేగడిలో ఒక తీరు, ఎర్ర చెలకలో ఇంకో తీరు పండినట్టే ఇదీ. టైటానియా మీద పరిస్తే పని బాగా జరుగుతుంది, కానీ దాని ఉపరితల వైశాల్యం తక్కువ. అందుకే అల్యూమినాతో కలిపి చూస్తారు. ఈ ప్రశ్నను పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసినవారు డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియంలో జి. మురళీధర్ గారు.

ఆయన పేరు ఇచ్చి రన్ చేస్తే నా ప్రోగ్రామ్ ముగ్గురు మనుషుల్ని చూపించింది!

1984లో జర్నల్ ఆఫ్ కెటాలిసిస్‌లో మాసోత్, షబ్తాయ్‌లతో వచ్చిన పేపర్‌లో 'మురళీధర్ జి.', ఒకే ముక్క. తర్వాత కొన్నిచోట్ల 'మురళీ ధర్ జి.', రెండు ముక్కలు. 2003లో కెటాలిసిస్ టుడేలో మిశ్రమ ఆక్సైడ్ సపోర్ట్‌ల మీద వచ్చిన రివ్యూని కొన్ని లిస్టులు 'ధర్ జి.ఎం.' కింద వేశాయి. నా కోడ్ చివరి పదాన్ని ఇంటిపేరు అనుకుంటుంది. ధర్ అనే ఇంటిపేరు కశ్మీర్‌లో, బెంగాల్‌లో నిజంగానే ఉంది. కంప్యూటర్‌ని తిట్టలేం.

ఆ గ్రూప్‌తోనే పనిచేసిన ప్రసాదరావు గారిది ఇంకా కష్టం. 2000లో జిర్కోనియా సపోర్ట్ మీద వచ్చిన పేపర్‌లో ఆయన 'రావు టి.ఎస్.ఆర్.పి.'. ఇనిషియల్స్ పట్టించుకోకుండా 'రావు' అని వెతికితే రాష్ట్రంలోని రావులందరూ ఒక్క మనిషైపోతారు. మురళీధర్ గారి విషయంలో ఒక్కరు ముగ్గురైతే, ఇక్కడ వందమంది ఒక్కరు!

ఇందులో ఏం పోతుందంటే, లెక్క పోతుంది. హెచ్-ఇండెక్స్ తెలుసుగా. ఊరికే ఒక ఉదాహరణ: ఆరు పేపర్లు, ఒక్కోదానికి ఆరు సైటేషన్లు ఉంటే ఇండెక్స్ 6. పేరు రెండుగా చీలి మూడు మూడు పేపర్లు అటూ ఇటూ పోతే ఇద్దరికీ 3. చేసిన పని అంతే ఉంది, మనిషి మాత్రం సగమయ్యాడు. ప్రమోషన్ కమిటీ ఆ నంబర్ చూస్తే అంతే సంగతులు.

అందుకే పేరు వదిలేసి పనిని పట్టుకున్నా. 1984 పేపర్ కోబాల్ట్-మాలిబ్డినం మీద సపోర్ట్ ప్రభావం గురించి. 2000లో జిర్కోనియా, 2003లో మిశ్రమ ఆక్సైడ్‌లు, అదే ప్రశ్న. తోటి రచయితలు, టైటిల్స్‌లో పదాలు పోల్చేలా కోడ్ రాస్తే ముగ్గురూ ఒక్కరయ్యారు. 2012లో ఓర్సిడ్ వచ్చింది, మనిషికో 16 అంకెల నంబర్ ఇస్తుంది. కానీ 1984 పేపర్ తనంతట తాను వచ్చి ఆ నంబర్ కింద కూర్చోదు, రాసినవాళ్లే కలుపుకోవాలి.

నా సొంత పేరు సంగతి కూడా అంతే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు. ఒక ఇంటర్న్‌షిప్ ఫామ్ 'లాస్ట్ నేమ్' అడిగితే వెనక్కి నెట్టా. సర్టిఫికెట్ మీద నా పేరు బదులు ఇంటిపేరు పెట్టి అభినందనలు వచ్చాయి, అంటే మా వంశం మొత్తానికీ!

పోయిన వారం ఓర్సిడ్ తీసుకున్నా. నాయిన స్క్రీన్ చూసి, "ఇంటిపేరు ముందుండాలె గదరా, ఎనకకెందుకు వెట్టినవ్?" అన్నాడు. ఫామ్ అట్ల అడిగిందని చెప్పిన. "మరి ఫామే మార్చు, కంప్యూటరే గద నువ్వు సదివేది" అని పొలానికి పోయిండు.

ప్రాజెక్ట్ రిపోర్ట్ అట్టమీద మాత్రం ఇంటిపేరు ముందే వేశా, ఇనిషియల్ కాదు, పూర్తిగా.