గూడే తొలి మందు: పెంపుడు బల్లుల గాయాలు, గృహవసతి

పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు చదివి పెరిగిన తల్లిదండ్రులకు బల్లిని పెంచుకోవడమన్న మాటే వింతగా తోస్తుంది. అయితే పారమట్టా, హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్ ప్రాంతాల అపార్టుమెంట్లలో పెరుగుతున్న పిల్లలకు అందులో వింత ఏమీ లేదు. కుక్కకు చోటు లేని ఇంట్లో ఒక గాజుపెట్టెకు చోటు దొరుకుతుంది. అమెరికాలోని పినతండ్రి పిల్లలో, మేనత్త పిల్లలో లెపర్డ్ గెకో అనే మచ్చల బల్లిని పెంచుతున్నారని విన్నప్పుడు ఇక్కడి పిల్లలకూ ఆ కోరిక పుట్టడం సహజం. ఆ కోరిక వెంట రెండు ప్రశ్నలు వస్తాయి. ఒక్కటే ఉంటే దానికి బెంగ కదా, రెండింటిని కలిపి ఉంచవచ్చునా? అవి కరచుకుంటే ఏ మందు వేయాలి? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం చాలావరకు ఒక్కచోటనే, అంటే వాటి గూటిలోనే, ఉన్నది.

ఏ బల్లిని పెంచవచ్చు?

లెపర్డ్ గెకో శాస్త్రీయ నామం యూబ్లెఫారిస్ మాక్యులారియస్. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశాల మెట్ట ప్రాంతాలు దీని పుట్టినిల్లు. గోడలెక్కే బల్లుల వలె దీని వేళ్ళకు అంటుకునే మెత్తలు లేవు. కదిలే కనురెప్పలు మాత్రం ఉన్నాయి. దీని దాయాది ఒకటి మన తూర్పు కనుమలలోనే నివసిస్తున్నది. విశాఖపట్నం ప్రాంతంలో లభించిన నమూనాల ఆధారంగా జీషాన్ మీర్జా, జ్ఞానేశ్వర్ అనే శాస్త్రజ్ఞులు 2022లో దానికి యూబ్లెఫారిస్ పిక్టస్ అని నామకరణం చేశారు. ఈ జాతి బల్లులకు విషం లేదు.

అమెరికాలో అంగడి సరుకైన లెపర్డ్ గెకోను ఆస్ట్రేలియాలో ఇంట పెంచుకోవడానికి చట్టం అనుమతించదు. పరదేశపు సరీసృపాలు తప్పించుకొని అడవిలో స్థిరపడితే, లేక కొత్త రోగాలు తెస్తే, ఇక్కడి జీవజాలానికి ముప్పు వాటిల్లుతుందన్నదే అందుకు కారణం. చాటుగా కొన్న బల్లి విషయంలో మరొక చిక్కు కూడా ఉన్నది. అది గాయపడిననాడు యజమాని పశువైద్యుని వద్దకు ధైర్యంగా వెళ్ళలేడు. దొంగతనంగా తెచ్చిన ప్రాణికి వైద్యం కూడా దొంగచాటుదే అవుతుంది. ఆ శిక్ష ప్రాణికే పడుతుంది.

న్యూ సౌత్ వేల్స్‌లో రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు తీసుకొని పెంచుకోదగిన స్వదేశీ బల్లులు ఉన్నాయి. వాటిలో లెపర్డ్ గెకోను తలపించేది థిక్ టెయిల్డ్ గెకో, అనగా లావుతోక బల్లి. ఇది కూడా రాత్రివేళ తిరిగేదే, తోకలో కొవ్వు దాచుకునేదే. దీనికి కనురెప్పలు లేవు. నాలుకతో కళ్ళు తుడుచుకుంటుంది. లైసెన్సు ఉన్నా దీనిని పొదల నుండి పట్టి తేరాదు. లైసెన్సు గల పెంపకందారుల వద్దనే పొందవలెను. సరీసృపాల పెంపకానికి రాష్ట్ర ప్రభుత్వం 2013లో ప్రకటించిన నియమావళిని కొనుగోలుకు ముందే చదువుకోవడం మంచిది.

తోడు అనే భ్రమ

పరాయి దేశంలో ఒంటరితనం ఎరిగిన కుటుంబాలకు పెట్టెలోని ఒంటరి బల్లిని చూస్తే జాలి కలుగుతుంది. ఆ జాలియే తరచు గాయాలకు మూలమవుతున్నది. రెండు మగ లెపర్డ్ గెకోలను ఒకచోట ఉంచితే పోరు తప్పదు. ఆడ, మగ కలిసి ఉంటే మగది ఆడదాని మెడ కరచి పట్టుకుంటుంది. ఎడతెగని గర్భధారణతో ఆడది కృశిస్తుంది. రెండు ఆడ బల్లులు కరచుకోకపోయినా, బలమైనది వెచ్చని చోటును, ఆహారాన్ని ఆక్రమిస్తుంది. అవి ఒకదానిపై ఒకటి పడుకోవడం చూసి స్నేహమని మురిసిపోతారు. తరచు అది వెచ్చని రాతి కోసం జరిగే పోటీయే.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పుకోవాలి. లావుతోక బల్లులు ప్రకృతిలో ఒకే రాతి కింద గుంపుగా చేరుతాయని రిక్ షైన్ తదితర పరిశోధకులు 2003లో ప్రకటించారు. అయితే ప్రకృతిలో ఓడిన బల్లి వేరొక రాయి వెతుక్కుంటూ పోగలదు. గాజుపెట్టెలో ఓడినదానికి పోయే దారి లేదు. కావున తొలిసారి పెంచేవారికి ఒక పెట్టెకు ఒకే బల్లి అన్నది క్షేమకరమైన సూత్రం. వేర్వేరు జాతులను కలపడం ఎంతమాత్రం తగదు.

గాయపడినప్పుడు

మొదటి పని రెండింటిని విడదీయడం. ఒకే పెట్టెలో అడ్డుగోడ పెట్టి సరిపుచ్చక, వేరే పెట్టెలోకి మార్చాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గాజుగుడ్డతో కొన్ని నిమిషాలు మృదువుగా అదమాలి. లీటరు నీటిని మరిగించి, 9 గ్రాముల ఉప్పు కలిపి, గోరువెచ్చగా చల్లార్చి గాయాన్ని కడగాలి. పెట్టెలోని ఇసుకను తీసివేసి వంటింటి కాగితపు తువ్వాళ్ళు పరచి రోజూ మార్చాలి. తినగా మిగిలిన కీచురాళ్ళను వెంటనే తీసివేయాలి. రాత్రివేళ అవి గాయాన్ని కొరుకుతాయి.

తోక తెగితే పిల్లలు భయపడతారు. ఆపదలో తోక విడవడం బల్లికి సహజమైన ఆత్మరక్షణ. కండరాలు ముడుచుకొని రక్తం చాలావరకు తానే ఆగిపోతుంది. కట్టు కట్టనవసరం లేదు. తిరిగి మొలిచే తోకలో వెన్నుపూసలకు బదులు మృదులాస్థి కడ్డీ ఉంటుంది. తోక నున్నగా, వేరు రంగులో కనిపిస్తుంది. తోకతో పాటు కొవ్వు నిల్వ కూడా పోయింది కనుక ఆ వారాలలో పుష్టికరమైన ఆహారం అవసరం.

లోతైన కాటు, కంటి గాయం, దవడ వాపు, నల్లబడిన చర్మం కనిపిస్తే ఆలస్యం చేయక సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యునికి చూపాలి. సరీసృపాల చీము మన చీమువలె కారదు. జున్నువలె గట్టిపడి ముద్దకడుతుంది. దానిని వైద్యుడు కోసి తీయవలసిందే. వంటింటి త్రాసులో వారానికొకసారి బరువు చూసి వ్రాసుకుంటే, కంటికి కనిపించని క్షీణత కూడా తెలుస్తుంది.

మందుల రసాయనం

మందు ఘాటుగా ఉంటే త్వరగా మానుతుందన్న నమ్మకం మన ఇళ్ళలో బలంగా ఉన్నది. పోవిడోన్ అయొడిన్ దీనికి చక్కని సమాధానం. పది శాతం ద్రావణంలో అయొడిన్ అధికభాగం పాలిమర్‌తో బంధింపబడి ఉంటుంది. సూక్ష్మజీవులను చంపేది స్వేచ్ఛా అయొడిన్ మాత్రమే. నీరు కలిపినకొద్దీ ఆ బంధం సడలి, సుమారు నూరు రెట్లు పలుచన చేసినప్పుడు స్వేచ్ఛా అయొడిన్ గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అందుచేత 100 మిల్లీలీటర్ల నీటికి 1 నుండి 5 మిల్లీలీటర్లు చాలు. గడ్డి రంగు మొదలు పలుచని టీ రంగు దాకా ఉండే ఆ ద్రావణం బలహీనమైనదేమీ కాదు. అయితే దాని నిల్వశక్తి తక్కువ కనుక ఏ రోజుకారోజు కలుపుకోవాలి.

క్లోర్‌హెక్సిడిన్ వాడితే, రెండు శాతం ద్రావణం ఒక పాలుకు 39 పాళ్ళ నీరు కలిపి 0.05 శాతానికి తేవాలి. ఇది ధనావేశం గల అణువు. సబ్బు ఋణావేశం గలది. రెండూ కలిస్తే మందు పనిచేయదు. కళ్ళకు తగలనీయరాదు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూడడానికి బాగుంటుంది గాని, కొత్తగా పుట్టే కణాలను కూడా దెబ్బతీస్తుంది. డెట్టాల్ వంటి ఫినాల్ జాతి ద్రవాలు, టీ ట్రీ తైలం ఇంతటి చిన్న ప్రాణికి హానికరం. పసుపు పొడి గాయంలో అట్టకట్టి లోపలి మురికిని కప్పివేస్తుంది. యాభై, అరవై గ్రాముల ప్రాణికి మనుషుల మాత్రలు ఇవ్వరాదు.

వేడిమి

బల్లి తన శరీరపు వేడిని తాను పుట్టించుకోలేదు. మాథ్యూ క్లూగర్ బృందం 1975లో ప్రకటించిన ప్రయోగంలో, సూక్ష్మజీవులు సోకిన ఎడారి ఇగ్వానాలలో 34 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచినవాటిలో మరణాలు అధికం. 40, 42 డిగ్రీల వద్ద ఉంచినవాటిలో చాలావరకు బ్రతికాయి. ఆ వేడి ఆ జాతికి తగినది. గెకోలను అంత వేడిలో ఉంచితే చనిపోతాయి. గ్రహించవలసిన నీతి ఏమంటే, ప్రతి జాతికి తగిన వేడిమి దాని వైద్యంలో భాగం. లెపర్డ్ గెకోకు వెచ్చని వైపు నేల 30 నుండి 32 డిగ్రీలు, చల్లని వైపు 24 నుండి 26 డిగ్రీలు తగును. లావుతోక బల్లికి ఇంకా కొంత తక్కువ చాలు. తనకు కావలసిన వేడిని తానే ఎంచుకునే వీలు బల్లికి ఉండాలి. థెర్మోస్టాట్ లేని వేడి రాళ్ళు పొట్టను కాలుస్తాయి. పోరులో ఓడిన బల్లికి గాయం ఎందుకు మానదో ఇక్కడ తెలుస్తుంది: వెచ్చని చోటు గెలిచినదాని వశంలో ఉన్నది.

శుభ్రత

క్రొత్తగా వచ్చిన బల్లిని కొన్ని నెలలు వేరు గదిలో ఉంచి, పేడ పరీక్ష చేయించాలి. గెకోలను కృశింపజేసే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి బ్లీచ్‌కు లొంగదు; మరిగే నీరు, పూర్తిగా ఎండబెట్టడం మేలు. బ్లీచ్‌ను, అమ్మోనియాను ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది. బల్లిని తాకిన తరువాత సబ్బుతో చేతులు కడగాలి. సాల్మొనెల్లా భయం వలన అయిదేళ్ళలోపు పిల్లలను దూరంగా ఉంచాలి.

పెరటిలో గాయపడిన అడవి బల్లి కనిపిస్తే దానిని పెంపుడు పెట్టెలోకి తేక, వైర్స్ వంటి వన్యప్రాణి రక్షణ సంస్థకు తెలియజేయాలి.

బల్లి ఎదుట కూర్చొని దానికేమి కావాలో చూసి తెలుసుకోవడం పిల్లలకు మంచి విజ్ఞాన పాఠం. మనకు కావలసినది తోడు. దానికి కావలసినది వెచ్చని రాయి, చీకటి మూల, ఎవరూ తరమని రాత్రి. ఈ తేడా తెలిసిన ఇంట్లో అయొడిన్ సీసా తెరవవలసిన అవసరం అరుదుగా వస్తుంది.