పాలీహౌస్ ఫిల్ములో అతినీలలోహిత శోషకం: ఆక్టాబెంజోన్ రసాయన స్వభావం, ఉపయోగం

పాలీహౌస్‌లో ఇనుప చట్రం అనేక సంవత్సరాలు నిలుస్తుంది. దానిపై కప్పిన 200 మైక్రాన్ల పాలీఇథిలీన్ ఫిల్ము మాత్రం ముందుగా దెబ్బతింటుంది. గడువుకు ముందే ఫిల్ము పెళుసై చిరిగితే ఎండను గాని, నాసిరకం సరుకును గాని నిందించడం పరిపాటి. పంటపై వాడిన గంధకం కూడా అందుకు కారణం కావచ్చునన్న విషయం తరచుగా విస్మరణకు గురవుతున్నది. ఈ సంబంధం అర్థం కావాలంటే ఫిల్ములో కలిపే రక్షక పదార్థాల పనితీరు తెలియవలెను. వాటిలో ఆక్టాబెంజోన్ ఒకటి.

రసాయన నిర్మాణం

దీని పూర్తి పేరు 2-హైడ్రాక్సీ-4-ఆక్టైలాక్సీ బెంజోఫినోన్. అణుభారం సుమారు 326. ఇది లేత పసుపు రంగు పొడి. దాదాపు 48 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. దీనిలో రెండు బెంజీన్ వలయాలను ఒక కార్బొనైల్ సమూహం కలుపుతుంది. ఒక వలయంపై, కార్బొనైల్‌కు ఆర్థో స్థానంలో హైడ్రాక్సిల్ సమూహం, పారా స్థానంలో ఆక్సిజన్ ద్వారా కలిసిన 8 కార్బన్ల గొలుసు ఉంటాయి. ఈ గొలుసు వలన ఆక్టాబెంజోన్ పాలీఇథిలీన్‌లో చక్కగా ఇముడుతుంది.

పనిచేసే విధానం

హైడ్రాక్సిల్ సమూహం లేని బెంజోఫినోన్ అతినీలలోహిత కాంతిని గ్రహించి ఉత్తేజితమై, పక్కనున్న పాలిమర్ గొలుసు నుండి హైడ్రోజన్‌ను లాగుకొంటుంది. ఫ్రీ రాడికల్స్ ఏర్పడి ప్లాస్టిక్ మరింత త్వరగా క్షీణిస్తుంది. ఆక్టాబెంజోన్‌లో హైడ్రాక్సిల్‌కు, కార్బొనైల్ ఆక్సిజన్‌కు మధ్య హైడ్రోజన్ బంధం ఉంటుంది. కాంతి సోకగానే ప్రోటాన్ కార్బొనైల్ వైపు జరిగి, శక్తి వేడిగా వెలువడిన పిమ్మట స్వస్థానానికి చేరుతుంది. అణువు మరల శోషణకు సిద్ధమవుతుంది. ఒకే అస్థిపంజరం గల రెండు అణువులలో ఒకటి హానికారకం, మరొకటి రక్షకం కావడానికి ఈ ఒక్క సమూహమే కారణం.

శోషకం పరిమితి, గంధకం ప్రభావం

శోషణ పరిమాణం శోషకం గాఢతపైన, కాంతి ప్రయాణించే మందంపైన ఆధారపడుతుంది. కావున ఫిల్ము పైపొరకు శోషకం ఒక్కటే పూర్తి రక్షణ ఇవ్వలేదు. ఈ లోటును పూరించుటకు హిండర్డ్ అమీన్ స్థిరీకారకాలను కలుపుతారు. ఇవి కాంతిని శోషించవు. ఏర్పడిన ఫ్రీ రాడికల్స్‌ను నిర్వీర్యం చేస్తాయి. అయితే వీటిలో అనేకం క్షార స్వభావం గలవి. గంధకం నుండి, గంధకం లేదా క్లోరిన్ గల మందుల నుండి వెలువడే ఆమ్ల పదార్థాలు వీటితో చర్య జరిపి వాటి శక్తిని హరిస్తాయి. అప్పుడు శోషకం మిగిలి ఉన్నా ఫిల్ము పైపొర నుండి పగుళ్లు మొదలవుతాయి.

పంటపై ప్రభావం

అతినీలలోహిత కిరణాలను తట్టుకొనే ఫిల్ము వేరు, వాటిని లోపలికి రానీయని ఫిల్ము వేరు. రెండవ రకం కింద తెల్లదోమ, తామర పురుగుల ఉధృతి తగ్గుతుంది. బూడిద రంగు బూజు శిలీంధ్రం బీజోత్పత్తి మందగిస్తుంది. కాని తేనెటీగలు కూడా ఈ కాంతిని చూడగలవు కనుక, పరాగ సంపర్కానికి వాటిపై ఆధారపడే పంటలలో జాగ్రత్త అవసరం. ఊదా వంకాయలకు రంగు సరిగా రాకపోవచ్చు. గులాబీలో మాత్రం రేకుల అంచులు నల్లబడడం తగ్గుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. ఫిల్ము కొనేముందు పంటను బట్టి రకాన్ని ఎంపిక చేయించాలి. గంధకం, క్లోరిన్ తట్టుకొనే పరిమితులను హామీ పత్రంలో చూడమని రైతుకు చెప్పాలి.

2. బూడిద తెగులుకు గంధకం పొగ పెట్టడాన్ని సాధ్యమైనంత తగ్గించి, సిఫారసు చేసిన ఇతర మందులను ఎంచుకోవాలి. పిచికారీ ఫిల్ముకు తగలకుండా చూడాలి.

3. ఎండకు కాలే పైపులు ఫిల్మును తాకే చోట తెల్లరంగు వేయించాలి.

4. వాడిన మందులను తేదీలవారీగా నమోదు చేయించాలి. ఫిల్ము త్వరగా చిరిగితే కారణం తేల్చడానికి, పరిహారం కోరడానికి రైతుకు ఆ నమోదే ఆధారం అవుతుంది.