పాత కారుకు క్రొత్త కంప్రెసరు

గడచిన వేసవిలో పల్నాటి సీమలోని యొక గ్రామమునకు గ్రామసభ నిమిత్తము పోయియుంటిమి. రోహిణి కార్తెలో రోళ్లు పగులునన్న మాట ఆ ప్రాంతము వారికి ఒకరు చెప్పనక్కరలేదు. సభ ముగిసిన పిమ్మట సర్పంచిగారి అరుగు మీద ఇద్దరు వాదులాడుకొనుచుండిరి. ఒకరు ఆ ఊరి అద్దె కారు యజమాని. రెండవవారు మండల కేంద్రములో కార్లు బాగుచేయు మెకానిక్కు. కారు వయస్సు పదునెనిమిదేండ్లు. దానిలోని ఏ.సి. కంప్రెసరు ఏప్రిల్ నెలలో బిగిసిపోగా క్రొత్తది కొని వేయించిరి. నలువది దినములు నిండకుండనే ఆ క్రొత్తదియు బిగిసిపోయినది.

ఆ కారు వారమునకు రెండు దినములు ఒక వృద్ధురాలిని డయాలిసిస్ చికిత్సకై పట్టణమునకు తీసికొనిపోవుచుండెడిది. చికిత్స ముగిసి, నీరసించి, నడి మధ్యాహ్నపుటెండలో ఇల్లు చేరవలసిన మనిషి ఆమె. చల్లదనము లేని కారులో ఆమెను తెచ్చుటకు కుమారుడు జంకి, వేరొక బండి మాట్లాడుకొనెను. కంప్రెసరు డబ్బు పోయినది. నిలుకడగా వచ్చు కిరాయియు పోయినది. "సామాను నాసిది" అని మెకానిక్కు, "పని నాసిది" అని యజమాని. చట్టరీత్యా ఇది పంచాయతి విచారింపవలసిన తగవు కాదు. ఐనను పల్లెలో ఇట్టివి పెద్దమనుష్యుల ముందునకు రాక మానవు. సభ్యులు మా వంక చూచిరి.

మేము యంత్రవిద్య చదివినవారము కాము. ఐతే మా ప్రచార వాహనమునకు పూర్వము ఇట్టి చిక్కే వచ్చి, దానిని చక్కజేయించు పని మా మీద పడినందున కొంత నేర్చుకొనవలసి వచ్చినది. నాడు అరుగు మీద చెప్పినదియు, తరువాత తెలిసినవారి నడిగి సరిచూచుకొన్నదియు ఇచ్చట వ్రాయుచున్నాము. మీ గ్రామములో అద్దె కార్లు నడుపువారికి ఇది ఉపకరింపవచ్చును. ఇట్టి తగవు మీ ముందునకు వచ్చినపుడు ఏమి అడుగవలెనో మీకును తెలియును.

కుండలోని నీరు ఏల చల్లబడును? కుండ ఒంటినుండి ఊరిన చెమ్మ ఆవిరియగుచు, లోపలి వేడిని తనతో కొనిపోవును. కారు ఏ.సి.లో జరుగునదియు అదియే. ముందరి పలక వెనుక కూలింగ్ కాయిల్ అను గొట్టముల చుట్ట యుండును. దానిలో ఒక ద్రవము ఆవిరియగుచు, కారు లోపలి వేడిని పీల్చుకొనును. కుండ చెమ్మ గాలిలో కలిసిపోవును. ఇచ్చటి ఆవిరి పోరాదు. దానిని పట్టి, నొక్కి, వేడి గ్యాసుగా ముందునకు త్రోయునదే కంప్రెసరు. ఇంజను బెల్టుతో అది తిరుగును. ఆ వేడి గ్యాసు రేడియేటరు ముందున్న కండెన్సరులో గాలి తగిలి మరల ద్రవమగును. డ్రయ్యరు అను చిన్న డబ్బాలో తేమను విడిచి, ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నని రంధ్రము గుండా కూలింగ్ కాయిల్ చేరును. ఈ తిరుగుడులో గ్యాసుతో పాటు కొంత నూనెయు తిరుగుచుండును. కంప్రెసరుకు వేరుగా నూనె పోయు చోటు లేదు. గ్యాసు మోసికొని వచ్చినదే దానికి నూనె. ఈ యొక్క మాట గుర్తుండిన, తక్కినదంతయు సులభముగా బోధపడును.

నిజముగా కంప్రెసరే చెడినదా?

చల్లదనము తగ్గగానే "కంప్రెసరు పోయినది" అనుట మన దుకాణములలో పరిపాటియైనది. మా వాహనము విషయములో జరిగినది అదియే. ఉదయము చక్కగా చల్లబరచును. ఎండలో గంటసేపు నడచిన పిమ్మట వేడిగాలి కొట్టును. చెట్టు నీడన కొంతసేపు నిలిపిన మరల చల్లబడును. ఒక దుకాణమువారు కంప్రెసరు మార్చవలెనని పెద్ద అంచనా వ్రాసి యిచ్చిరి. వేరొకచోట వయస్సు మీరిన మెకానిక్కు ఒకరు బోనెట్టు తెరచి, కంప్రెసరు ముందున్న అయస్కాంతపు క్లచ్చిని పరిశీలించిరి. ఏండ్ల తరబడి అరిగి, క్లచ్చి పలకల నడుమ సందు పెరిగినది. చుట్ట వేడెక్కినపుడు అయస్కాంతపు పట్టు తగ్గి, ఆ సందును దాటి పలకను లాగలేకపోవుచున్నది. ఆయన లోపలి పలుచని వాషరు నొకదానిని తీసివైచి సందును తగ్గించిరి. అంతటితో సరి. ఆయన పుచ్చుకొన్న కూలి చెప్పిన మీరు నమ్మరు.

కావున కంప్రెసరు కొనుటకు ముందు కొన్ని సంగతులు తేల్చుకొనవలెను. స్విచ్చి వేయగానే క్లచ్చి టక్కున పట్టుకొనుచున్నదా? పట్టనిచో ఫ్యూజు, రిలే, క్లచ్చి చుట్ట, తీగలు చూడవలెను. గ్యాసు కారిపోయినను క్లచ్చి పట్టదు. పీడనము తగ్గినపుడు కంప్రెసరును కాపాడుటకు స్విచ్చి దానిని ఆపివేయును. దానిని చెడినదని భ్రమించి తీగ నేరుగా కలిపి తిప్పువారు కలరు. అది నూనె లేని యంత్రమును తిప్పి చంపుటయే. ఏ.సి. వేయనపుడును రొద వచ్చుచున్నచో అది తరచుగా కప్పీ బేరింగుది; బేరింగు మాత్రమే మార్చవచ్చును. ఇంజను ఆపి, క్లచ్చి ముందరి పలకను చేతితో త్రిప్పినపుడు కదలనిచో, లేక గరగరమనుచో, అపుడు కంప్రెసరు లోపల చెడినదని చెప్పవచ్చును.

తిరుగుచున్నను చల్లబరచనిచో గేజీలు పెట్టి చూడవలెను. నేటి గ్యాసు గల కార్లలో తక్కువ పీడనము వైపు ముల్లు చదరపు అంగుళమునకు సుమారు 25 నుండి 45 పౌండ్ల వద్దను, ఎక్కువ వైపు 150 నుండి 250 పౌండ్ల వద్దను సాధారణముగా నిలుచును. మన వేసవిలో ఇంకను పైకి పోవును. తక్కువ వైపు ఎక్కువగాను, ఎక్కువ వైపు తక్కువగాను ఉన్నచో కంప్రెసరు నొక్కు శక్తి కోల్పోయినదని అనుమానింపవలెను. రెండు ముండ్లును మిక్కిలి పైకి పోయినచో గ్యాసు అధికముగా నిండినదేమో, కండెన్సరుకు గాలి తగులుట లేదేమో చూడవలెను. ఊక, గడ్డి నలుసులు, దారి దుమ్ము కండెన్సరు రెక్కలలో మెత్తగా పేరుకొనును. నూర్పిళ్ల కాలములో తిరుగు కార్లలో ఇది మిక్కిలి. విద్యుత్ పంకా తిరుగుచున్నదో లేదో చూచుటకు మెకానిక్కు కూడ అక్కరలేదు.

క్రొత్తది ఏల చచ్చును?

ఇది అసలు విషయము. బోరులో ఇసుక వచ్చుచుండగా మోటారు కాలిపోయినదనుకొనుడు. ఫ్లషింగు చేయింపక క్రొత్త మోటారు దింపినవాని గతి యేమగునో పంచాయతి సభ్యులకు మేము చెప్పవలెనా? కంప్రెసరు బిగిసిపోవునపుడు లోపలి లోహము అరిగి, సన్నని రజనుగా రాలి, మాడిన నల్లని నూనెతో కలిసి, గొట్టముల వెంట కండెన్సరు దాక పోవును. క్రొత్త కంప్రెసరు బిగించి తిప్పిన మొదటి నిమిషము నుండియే ఆ రజను తిరుగసాగును. వాల్వు రంధ్రమును మూసివేయును, లేదా కంప్రెసరును చేరి దానిని తినివేయును.

కావున పాతది విప్పగానే దాని నూనెను తెల్లని గుడ్డ మీద పోసి చూడవలెను. నూనె నిర్మలముగా నున్నచో అదృష్టము. నల్లగా నుండి మెరయు రజను కనబడినచో గొట్టములను, కూలింగ్ కాయిల్‌ను తగిన ద్రవముతో కడిగి, పొడి నైట్రోజన్ గ్యాసుతో ఊది ఆరబెట్టవలెను. పెట్రోలు, కిరసనాయిలు పోసి కడుగరాదు. కండెన్సరు సంగతి వేరు. పాత రకపు కండెన్సరులో ఒకే గొట్టము మెలికలు తిరిగి యుండును గనుక కడిగిన శుభ్రపడును. తరువాతి రకములలో సన్నని దారులు పెక్కు ప్రక్కప్రక్కన ఉండును; ఒక దారి మూసికొన్నచో కడుగు ద్రవము తక్కిన దారుల వెంట పోవునేగాని మూసిన దానిని తెరువదు. దానిని మార్చుటయే మేలు. ఎక్స్‌పాన్షన్ వాల్వును, డ్రయ్యరును కడుగుట అనునది లేదు. అవి క్రొత్తవి వేయవలసినవే. డ్రయ్యరు లోపలి పొడి గాలిలోని తేమను ఆశగా పీల్చును గనుక దాని మూతలు చిట్టచివర బిగించునపుడే తీయవలెను.

నూనెయందు మరియొక మోసము కలదు. ఎక్కువైన చల్లదనము తగ్గును. తక్కువైన యంత్రము బిగియును. పాత కంప్రెసరు నుండి ఎంత నూనె వచ్చినదో కొలిచి, క్రొత్త దానితో వచ్చిన కాగితము చదివి, అందు ముందే పోసియున్న నూనెను లెక్కించి సరిపుచ్చవలెను. రకము కూడ ఆ కాగితమే చెప్పును. ఈ నూనె తేమను పీల్చునది. నెలల తరబడి మూత తీసియుంచిన సీసాలోనిది పనికిరాదు. ఓరింగులన్నియు క్రొత్తవి వేసి, అదే నూనె రాచి బిగించవలెను. బెల్టు వేయుటకు ముందు క్లచ్చి పలకను చేతితో పది చుట్లు త్రిప్పుట మంచిది. లోపల నిలిచిన నూనె మెల్లగా ప్రక్కకు తప్పుకొనును.

పిమ్మట వాక్యూము. పంపు పెట్టి లోపలి గాలిని అరగంటకు తక్కువ కాకుండ, సాధ్యమైనచో ముప్పాతిక గంట లాగవలెను. గాలి లేని చోట నీరు మామూలు వేడికే మరిగి ఆవిరియగును గనుక లోపలి చెమ్మయు బయటికి వచ్చును. పంపు ఆపి పావుగంట చూచినను ముల్లు కదలనిచో కారుట లేదని అర్థము. అటుపైని గ్యాసును తూకము వేసి ఎక్కించవలెను. ఎన్ని గ్రాములో బోనెట్టు క్రింది చీటీ మీద వ్రాసియుండును. చిన్న కార్లలో అది సాధారణముగా అరకిలో ప్రాంతము. గొట్టము చేతికి చల్లగా తగిలినదని ఆపుట అంచనాయే గాని తూకము కాదు.

గ్యాసు విషయము రెండు మాటలు చెప్పవలసియున్నది. పూర్వపు కార్లలో ఆర్-12 అను గ్యాసు ఉండెడిది. అది పైకి పోయి, సూర్యుని అతినీలలోహిత కిరణముల నడ్డగించు ఓజోను పొరను చెరచునని తెలిసి, 1987లో మాంట్రియల్ ఒడంబడిక జరిగినది. భారతదేశము 1992లో అందు చేరినది. మన దేశమున క్రొత్తగా తయారగు వాహనముల ఏ.సి.లలో ఆ తరగతి గ్యాసుల వాడకము 2003 నుండి నిషిద్ధము. తరువాత వచ్చిన ఆర్-134ఎ ఓజోనును చెరుపదు. కాని భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువునకు వేయి రెట్లకు మించినది. అందుచే పాత గ్యాసును బయటికి ఊదివేయక, యంత్రముతో పట్టి డబ్బాలోనికి తీయవలెను. అది కంటికి తగిలిన చూపునకే ముప్పు. అద్దములు ధరింపక ఆ పని చేయరాదు. ఆర్-12 నాటి కారును ఆర్-134ఎకు మార్చునపుడు నూనె, డ్రయ్యరు, ఓరింగులు, గ్యాసు ఎక్కించు మూతులు మార్చి, పాత తూకమునకు కొంత తగ్గించి నింపవలెను. చౌక యని వంటగ్యాసు నింపువారు కలరని విన్నాము. మనుష్యులు కూర్చుండు చోట కూలింగ్ కాయిల్ కారినచో ఏమగునో తలచుకొనిన చాలును.

మరల అరుగు మీదికి వత్తము. మేము మెకానిక్కును మూడు ప్రశ్నలడిగితిమి: పాత నూనె ఏ రంగున ఉండెను? కండెన్సరును ఏమి చేసితిరి? డ్రయ్యరు మార్చితిరా?

అతడు కొంతసేపు తల వంచుకొని, "నూనె నల్లగానే ఉందండి. కండెన్సరు జోలికి పోలేదు. డ్రయ్యరు మారుద్దామంటే ఖర్చు తగ్గించమన్నాడండి అన్న" అనెను.

యజమాని మాటాడలేదు. కంప్రెసరు అమ్మినవారి హామీ కాగితమును సర్పంచిగారు తెప్పించి చదివించిరి. డ్రయ్యరు మార్చి, గొట్టములు కడిగినట్లు రసీదు లేనిచో హామీ చెల్లదని అందు స్పష్టముగా వ్రాసియున్నది. ఇట్టి షరతు మిక్కిలి సాధారణమని తరువాత తెలిసికొంటిమి. సామాను నిజముగా నాసిదై, షరతులన్నియు పాటించియుండిన యెడల యజమాని జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేసికొనవచ్చును. ఇచ్చట ఆ దారి మూసికొన్నది. నల్లని నూనె చూచియు పని సాగించినందుకు మెకానిక్కుదియు, చూపిన ఖర్చును తగ్గించుమన్నందుకు యజమానిదియు తప్పు కలదని సభ్యులు తలచిరి. మా అభిప్రాయములో మెకానిక్కు తప్పు హెచ్చు. తెలిసినవాడు అతడు గదా. ఐతే పెద్దలు సగముగా తేల్చిరి: కంప్రెసరు ధరలో సగము, కూలి యావత్తు మెకానిక్కు భరించుట, కండెన్సరు, వాల్వు, డ్రయ్యరు యజమాని కొనుట.

జూన్ రెండవ వారములో కారు మరల తిరుగసాగినది. వృద్ధురాలి కుమారుడు మొదట ఒంటరిగా ఎక్కి, పట్టణము దాక పోయి వచ్చి, ఆ తరువాతనే తల్లిని ఎక్కించెనట. ఈ మారు రసీదులో నూనె కొలత, గ్యాసు గ్రాములు, వాక్యూము పట్టిన నిమిషములు, మార్చిన సామానుల పేర్లు వ్రాసియున్నవి. విప్పిన పాత కంప్రెసరులు రెండింటిని యజమాని అడిగి పుచ్చుకొని కారు వెనుక పెట్టెలోనే ఉంచుకొనెను.