పాపని తీసుకునే వెళ్ళు

చిరంజీవి చిన్నాకి,

మీ పెద్దమ్మ మోకాళ్ళు ఈమధ్య కాస్త నయం. సాయంత్రాలు గాంధీనగర్ పార్కు దాకా నడిచి వస్తోంది.

నిన్న మీ మేనత్త ఫోన్ చేసి మాటల మధ్య చెప్పింది. ఆగస్టులో నువ్వొక్కడివే ఇంగ్లండు వెళ్తున్నావట. అమ్మాయినీ పాపనీ విజయవాడలో వాళ్ళ పుట్టింట దింపి పోతున్నావట. "ఎంతన్నయ్యా, మూడేళ్ళేగా, రోజూ వీడియో కాల్ చేస్తాడుగా" అని కూడా అంది. అది విన్నప్పటినుంచి నాకు అన్నం సయించడంలేదు. ట్రైనింగ్ పోస్టు వచ్చిందని నువ్వు రాసిన ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుకుని, మీ పెద్దమ్మకి కూడా వినిపించాను. అందులో ఈ సంగతి లేదు. నేనేమంటానో తెలుసు గనకే రాయలేదనుకుంటాను. సరే, అడక్కపోయినా అంటున్నాను. పాపని తీసుకునే వెళ్ళు.

కోపంగా రాస్తున్నాననుకోకు. నువ్వు పీజీలో సైకియాట్రీ తీసుకుంటానన్న రోజున ఇంట్లో అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రేడియాలజీ వచ్చే ర్యాంకు కదా అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. నా తరవాత ఈ ఇంట్లో ఈ పని చేసేవాడు ఒకడున్నాడని. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఇక ఆ వీడియో కాల్ సంగతి. మూడేళ్ళ పిల్లకి నాన్నంటే గీసుకోని గడ్డం గరుకు, చొక్కా వాసన, వీధిలో బండి ఆగిన చప్పుడు, అన్నం కలిపే చెయ్యి, అప్పుడప్పుడూ కోపం. ఫోన్‌లో వీటిలో ఏదీ ఉండదు. ఉండేది ముఖం ఒక్కటే, అదీ సిగ్నల్ పోతే మాట మధ్యలో బిగుసుకుపోతుంది. పిల్ల పడి ఏడిస్తే తెరలోంచి ఎత్తుకోలేవు. అక్కడికీ మనకీ వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటల తేడా. నువ్వు వార్డులో పని ముగించుకుని గదికి చేరేసరికి ఇక్కడ పాప నిద్రపోయి ఉంటుంది. లేపి చూపిస్తారు. నిద్రమత్తులో ఉన్నదాని చేత "నాన్నకి ముద్దు పెట్టమ్మా" అని ఆ అద్దానికి ముద్దు పెట్టిస్తారు. ఆ అద్దం చల్లగా ఉంటుంది నాన్నా. కొన్నాళ్ళకి ఫోన్ మోగగానే పారిపోతుంది. "బొమ్మలు చూస్తోంది, రానంటోంది" అని అమ్మాయి నీకు చెబుతుంది, నువ్వు నవ్వేసి పెట్టేస్తావు. మా వీధిలోనే రెండు ఇళ్ళల్లో ఇది చూస్తున్నాను. ఒక ఇంట్లో తండ్రి దుబాయ్‌లో, ఇంకో ఇంట్లో డల్లాస్‌లో. మనుషులు మంచివాళ్ళే, డబ్బూ సరిగ్గా పంపుతారు. పిల్లలు మాత్రం ఏం కావాలన్నా, ఏం చూపించాలన్నా తాతగారి దగ్గరికే పరిగెడతారు. ఫోన్ అనేది పెద్దవాళ్ళ బెంగ తీరడానికే. చిన్నపిల్లల బెంగ దానితో తీరదు. ఈ ఒక్క విషయంలో నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

"పిల్లలు త్వరగా అలవాటు పడిపోతారు" అని నీకు ఎవరైనా చెప్పి ఉంటారు. నాకు భయం అదే. జేమ్స్ రాబర్ట్‌సన్ సినిమా సంగతి పాఠంలో విని ఉంటావు. సినిమా తీయకముందు ఆయన అన్నా ఫ్రాయిడ్ నడిపిన పిల్లల శరణాలయంలో బాయిలర్ చూసుకున్న మనిషి. 1952లో లండన్‌లో ఒక చిన్నపిల్ల మీద సినిమా తీశాడు. పిల్ల పేరు లారా, వయసు రెండేళ్ళ ఐదు నెలలు. హెర్నియా ఆపరేషన్‌కి ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆ రోజుల్లో తల్లిదండ్రుల్ని పిల్లల వార్డులోకి ఇష్టం వచ్చినప్పుడు రానిచ్చేవారు కాదు. లారా పెద్దగా ఏడవదు, గోల చేయదు, నర్సులు మెచ్చుకునేటంత బుద్ధిగా ఉంటుంది. ఇంటికి బయల్దేరేటప్పుడు తన సామాన్లన్నీ తనే పట్టుకుంటుంది, అమ్మ చెయ్యి మాత్రం పట్టుకోదు. డాక్టర్లకి చూపిస్తే, తమ మీద నింద వేశాడని చాలామంది మండిపడ్డారు. చివరికి 1959లో ప్లాట్ కమిటీ తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వమని సిఫార్సు చేసింది. రాబర్ట్‌సన్ చెప్పిన వరస నీకు తెలిసిందే. మొదట ఏడుపు, తరవాత దిగులు, ఆ తరవాత పట్టించుకోకపోవడం. ఆ మూడోదాన్నే ఇంట్లోవాళ్ళు "అలవాటు పడింది" అంటారు. ఆ మాట మన పాప గురించి ఎవరినోటా వినాలని లేదు.

రాబర్ట్‌సన్ పనిచేసింది జాన్ బౌల్బీ దగ్గర. ఆయన గురించి పరీక్షల్లో ఎంతో రాస్తారు గానీ ఆయన ఇంటి సంగతి ఎవరూ చెప్పరు. తండ్రి పేరున్న సర్జను. తల్లి పిల్లల్ని రోజుకి గంటసేపు, అదీ టీ అయ్యాక చూసేది. పెంచిన ఆయా బౌల్బీకి నాలుగేళ్ళప్పుడు వెళ్ళిపోయింది. 1950లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఫ్రాన్స్, నెదర్లాండ్స్, స్వీడన్, స్విట్జర్లండ్, అమెరికా తిరిగి, ఇళ్ళకి దూరమైన పిల్లల గురించి నివేదిక రాశాడు. తన నలుగురు పిల్లలతో వేసవులు స్కై ద్వీపంలో గడిపేవాడు. 1990లో చనిపోయింది కూడా అక్కడే.

"ఆయన రాసింది తల్లి గురించి, పాప తల్లి దగ్గరే ఉంటుందిగా" అంటావు. అంటావని తెలుసు, చిన్నప్పుడు కారం బఠాణీల దగ్గర కూడా ఇలాగే వాదించేవాడివి. 1964లో గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ 60 మంది పిల్లల్ని వరసగా చూసిన అధ్యయనం వచ్చింది. ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమంది తండ్రికీ మాలిమి అయ్యారు. మన పాప ఇంకా ముందే అయింది. కిందటి సంక్రాంతికి ఆ జనంలో, ఎవరెత్తుకున్నా నీకోసమే మెడ తిప్పి చూసింది.

మీ ముత్తాత రంగూన్ వెళ్ళిన కథ మళ్ళీ ఎత్తను. తిరిగొచ్చాక మా నాన్న తన సొంత తండ్రిని ఏమని పిలిచాడో నీకు తెలుసు.

నేను తిరిగినంతా మీ పెద్దమ్మతోనే తిరిగాను. వాల్తేరు, వెల్లూరు, బెంగుళూరు, ఆ తరవాత నైజీరియా, ఇంగ్లండు. నైజీరియా అన్నప్పుడు మా మామగారు ఊళ్ళో తలెత్తుకోలేనంత బాధపడ్డారు. ఇబాదాన్‌లో హర్మటాన్ గాలికి ఇల్లంతా దుమ్ము, కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మీ అన్నయ్యకి అప్పటికి నడక కూడా సరిగ్గా రాదు. మీ పెద్దమ్మ ఒకరోజు బజార్లో అలసందలు చూసి తెచ్చి, నానబెట్టి వడలు వేసింది. పక్కింటావిడ వాసనకి వచ్చి చూసి, ఇంట్లోకి వెళ్ళి ఓ పళ్ళెం తెచ్చింది. అందులోనూ అలసంద వడలే! వాళ్ళు అకారా అంటారు. ఆవేళ నుంచి ఆ రెండిళ్ళ మధ్య తలుపు మూయలేదు. మీ అన్నయ్య తెలుగూ యోరుబా కలిపి మాట్లాడేవాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి వాణ్ణి గుండెల మీద పడుకోబెట్టుకుని పరీక్షకి చదివేవాణ్ణి. ఇంట్లో పిల్లలుంటే చదువు సాగదని నాతో అనకు.

అక్కడికి దగ్గర్లోనే అబెయోకుటా. ఆ ఊరివాడే సైకియాట్రిస్టు అడెయోయే లాంబో. బర్మింగ్‌హామ్‌లో, లండన్‌లో చదువుకుని వచ్చి 1954లో అక్కడి 'ఆరో' అనే మానసిక ఆస్పత్రి చేపట్టాడు. రోగుల్ని చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళల్లో ఉంచేవాడు. ఒక్కటే షరతు, వెంట బంధువు ఒకరైనా ఉండాలి. వండిపెట్టాలి, బట్టలుతకాలి, రోజూ ఆస్పత్రికి తీసుకురావాలి. ఇక్కడ అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ గారు ఆ దశాబ్దంలోనే ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి రోగుల ఇంటివాళ్ళని ఉంచారు. వెల్లూరులోనూ అదే పద్ధతి, నేను కళ్ళారా చూశాను. తరవాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో స్కిజోఫ్రెనియా రోగుల్ని రెండేళ్ళు గమనిస్తే ఆగ్రా, ఇబాదాన్, కాలీ ఊళ్ళవాళ్ళు ధనిక దేశాల వాళ్ళకన్నా బాగా కోలుకున్నట్టు తేలింది. కారణాల మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నేను చూసినదాన్ని బట్టి, వెంట మనిషి ఉండటమే కారణం.

ఓపీలో రోగి ఒంటరిగా వస్తే నువ్వు మొదట అడిగేది, "మీవాళ్ళెవరూ రాలేదా?" అని. రేపు లీడ్స్‌లోనో, లెస్టర్‌లోనో చీకటి పడ్డాక ఒంటరి గదికి పోయే నిన్ను ఆ మాట అడిగేవాళ్ళు ఎవరున్నారు? మన పని నీకు కొత్త కాదు. ఒకరి దుఃఖం వింటూ పగలంతా గడిపాక, మనకి రాత్రి ఇంటి అల్లరి కావాలి. పిల్ల పాలు ఒలకబోయాలి, దానిమీద మీ ఇద్దరూ ఒకరినొకరు అనుకోవాలి. బలం దాంట్లో ఉంది. అది తోడుంటేనే ఇన్నేళ్ళు ఈ పని చేయగలిగాను.

వీసా పేరు చెప్పకు, కనుక్కున్నాను. కుటుంబాన్ని తేకూడదని 2024 మార్చిలో పెట్టిన నిబంధన కేర్ వర్కర్లకి, డాక్టర్లకి కాదు. అమ్మాయి అక్కడ ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. మూడేళ్ళు నిండిన పిల్లలకి బళ్ళు తెరిచి ఉండే వారాల్లో నర్సరీ వారానికి 15 గంటలు ఉచితం. అద్దె ఎక్కువే, నిజం. చిన్న ఇల్లు తీసుకో, కారు ఆలస్యంగా కొను. మొదటి ఏడాది ఇబ్బందైతే నా పెన్షన్ ఉంది. మొహమాటపడకు, నీకు కాకపోతే ఎవరికి?

చలి బట్టలు ఇక్కడ కొనకు, అక్కడి చలి మన స్వెట్టర్లకి ఆగదు. కడుపులో మంట ఎలా ఉంది? రాత్రి పది దాటాక భోంచేయడం మానెయ్. పాపకి మీ పెద్దమ్మ కొబ్బరిలౌజు చేసి ఉంచింది.

చివరిగా ఒక సంగతి. పాపకి ఇంకా పాస్‌పోర్టు లేదని మీ మేనత్త చెప్పింది. చిన్నపిల్లల పాస్‌పోర్టుకి తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. నువ్వు విమానం ఎక్కాక ఆ పని ఇంకా జాప్యమవుతుంది. ఈ వారమే స్లాట్ తీసుకుని ముగ్గురూ వెళ్ళి రండి.

ఆశీస్సులతో,
పెదనాన్న